వెనక చక్రాల పాత బండి: చలికాలానికి, రేగడి బాటకు ఏది కొనాలి, ఎక్కడ చూసి కొనాలి

మీరు అడిగింది ఇది: ఊరు మిర్యాలగూడ దగ్గర, తారు రోడ్డెక్కడానికి మూడు కిలోమీటర్ల రేగడి బాట, ఇంట్లో ఆరుగురు. నెలకు రెండు మూడుసార్లు తెల్లారకముందే బయల్దేరి నల్లగొండ, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోవాలి. పాత బొలెరో, క్వాలిస్, తవేరా, ఇన్నోవాల్లో ఒకటి చూస్తున్నారు. ఇవన్నీ ఇంజన్ బలం వెనక చక్రాలకే అందే బండ్లు, చలికాలంలో జారుతాయి, ముందు చక్రాల బండే కొనమని ఎవరో చెప్పారు.

ఆ మాట మంచు కురిసే దేశాల నుంచి వచ్చింది. అక్కడ రోడ్డు గడ్డకడుతుంది, ఖాళీ బండి వెనక భాగం తేలికగా ఉండి చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. అందుకే వాళ్లు చలికాలం టైర్లు వేరుగా వేసుకుంటారు, డిక్కీలో ఇసుక బస్తాలు పెట్టుకుంటారు. మన దగ్గర డిసెంబర్, జనవరి రాత్రుల్లో కూడా రోడ్డు గడ్డకట్టేంత చలి ఉండదు. కానీ జారుడు మనకూ ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద పొద్దున పొగమంచు పడి రోడ్డు తడుస్తుంది. పొలం నుంచి వచ్చిన ట్రాక్టర్ల చక్రాల నుంచి రాలిన రేగడి దాని మీద సన్నగా పరుచుకుంటుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు వడ్ల కుప్పలే, మిగతా సగంలో గింజలు, తాలు. ఆ గింజల మీద నలభై వేగంలో బ్రేకు తొక్కితే ఏ బండైనా జారుతుంది. వెనక చక్రాల బండి జారే తీరు మాత్రం వేరు: ముందు చక్రాల బండి తిప్పిన వైపు తిరగకుండా నేరుగా పోతుంది, ఇది తోకను, అంటే వెనక భాగాన్ని, పక్కకు వేస్తుంది. అది తెలిసి నడిపితే వెనక చక్రాల బండితో భయం లేదు. పైగా ఆరుగురు కూర్చుని రెండు బస్తాలు వేసుకుంటే బరువు వెనక చక్రాల మీదే పడుతుంది. బురద ఎక్కుడులో అప్పుడు ముందు చక్రాల కారు కంటే ఇదే బాగా లాగుతుంది. ఖాళీగా డ్రైవర్ ఒక్కడే ఉంటేనే ఇబ్బంది.

కాబట్టి ముందు చక్రాలా వెనక చక్రాలా అన్నది వదిలేయండి. మీరు కొనబోయే బండి వెనక సగం ఎట్లా ఉందో అది చూడండి. పాత బండి కొనేవాళ్లు అందరూ బానెట్ ఎత్తి ఇంజన్ చప్పుడు విని బేరం చేస్తారు. ఇంజన్ బాగుచేయడానికి మండల కేంద్రానికొక మెకానిక్ ఉన్నాడు. తోక పట్టు పోయిన బండి, ఛాసిస్ (బండిని మోసే కింది ఇనుప చట్రం) తుప్పు తిన్న బండి మాత్రం కొన్న రోజు నుంచీ డబ్బు తింటుంది, పైగా ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు ఏ బండి అన్నది తేల్చేద్దాం. క్వాలిస్ మన దేశంలో 2000లో వచ్చి 2005లో ఆగిపోయింది. 2446 సీసీ డీజిల్, టర్బో లేదు, కంప్యూటర్ లేదు, నిజంగా మొండి ఇంజన్. కానీ ఎంత కొత్తది దొరికినా ఇరవై ఏళ్లు దాటింది. దగ్గరి వాళ్ల ఇంట్లో ఒకే చేతి మీద ఉన్నదైతే తప్ప ఇప్పుడు వెతుక్కుని కొనకండి. తవేరా 2.5 లీటర్ ఇసుజు ఇంజన్ చాలా మంచిది, అయితే కంపెనీ 2017తో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఇంజన్ సామాన్లు దొరుకుతాయి గానీ అద్దాలు, లైట్లు, డోర్ల సామాన్ల కోసం వనస్థలిపురం ఆటోనగర్‌లో పాత బండ్ల గుట్టల మధ్య తిరగాల్సి వస్తుంది. సుమో దీనికి భిన్నంగా లేదు. ఈకో గురించి కూడా కొందరు చెప్తారు, అదీ వెనక చక్రాల బండే. పట్నంలో సామాను మోయడానికి పనికొస్తుంది, రేగడి బాటకు దాని టైర్లు సన్నం, నేలకు దగ్గర. అది మీకు వద్దు.

మిగిలింది బొలెరో, ఇన్నోవా. మీ మూడు కిలోమీటర్ల బాట రోజూ తొక్కాల్సిందే అయితే బొలెరో. వెనక కమాను పట్టాలు (లీఫ్ స్ప్రింగులు), ఎత్తు, ఎవరైనా విప్పి బిగించగల నిర్మాణం. 2523 సీసీ పాత ఇంజన్ మన దగ్గర ట్రాక్టర్ మెకానిక్‌కు కూడా తెలుసు. 2016 తర్వాత వచ్చిన 1.5 లీటర్ ఇంజన్‌ది కొంచెం నిశ్శబ్దం, దొరికితే అదీ మంచిదే. కానీ బొలెరో ఎత్తు ఎక్కువ, స్టీరింగ్‌లో ఆట (వదులు) ఎక్కువ, హైవే మీద ఎనభై దాటించే బండి కాదు. హైదరాబాద్ ప్రయాణమే మీకు ముఖ్యమై, బాట వాన పడ్డ నాలుగు రోజులే బురద అయ్యేదైతే ఇన్నోవా. 2005 నుంచి 2016 వరకు వచ్చిన 2494 సీసీ ఇన్నోవా సరిగ్గా చూసుకుంటే మూడు లక్షల కిలోమీటర్లు తేలిగ్గా దాటుతుంది. దాని ఇంజన్ వాల్వులను సమయానికి తెరిపించేది టైమింగ్ బెల్ట్, గొలుసు కాదు. లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్ల మధ్య మార్చాలి. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి, కొన్న వారంలో బెల్ట్, దాన్ని బిగుతుగా పట్టే టెన్షనర్ రెండూ వేయించండి. అది తెగితే వాల్వులు వంగుతాయి.

ఇక బండి కిందికి పోదాం. మీకు కావలసింది ఒక టార్చి, పాత దుప్పటి, పొడవాటి స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి. కడిగి మెరిపించిన బండి కంటే దుమ్ముతో ఉన్న బండిని చూడటం నయం, కారుతున్న చోట్లు దుమ్ము మీద తడిగా కనబడతాయి.

ఛాసిస్ రెండు పొడవు కమ్మీలనూ ముందు నుంచి వెనకదాకా సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ రండి. గట్టి చోట ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మందంగా బొదబొదమని పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. ముఖ్యంగా కమాను పట్టాలు తగిలించిన బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, అడ్డ కమ్మీలు కలిసే మూలలు. కొత్తగా మందంగా నల్ల పూత వేసి ఉంటే సంతోషపడకండి, ఎందుకు వేశారో అడగండి. వెల్డింగ్ గుర్తు ఉంటే ఆ బండి వదిలేయడమే మంచిది. మన వైపు ఇంకొకటి చూడాలి: వెనక సీట్లు మడిచి ఎరువుల బస్తాలు మోసిన బండ్లు చాలా ఉంటాయి. యూరియా, పొటాష్ కారిపోయి మ్యాట్ కింద చేరితే ఫ్లోర్ రేకును లోపలి నుంచి తినేస్తాయి. మ్యాట్ ఎత్తి చూడనివ్వని వాళ్ల దగ్గర బేరమే ఆపండి.

మునిగిన బండ్ల సంగతి కూడా ఇక్కడే. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదల్లో చాలా బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, కింది భాగంలో బురద గీత ఉంటే మునిగిన బండే. సీటు జరిపే పట్టీల తుప్పు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల జాయింట్లలో పచ్చటి చిలుము కూడా అదే చెప్తాయి.

తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు బలం అందించే పొడవాటి కడ్డీ. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి, గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు దించండి. షాఫ్ట్‌ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి, పైకీ కిందికీ ఊపండి. షాఫ్ట్ చివర్లలోని జాయింట్ క్రాస్‌ల దగ్గర పైకీ కిందికీ ఏ మాత్రం ఆట ఉండకూడదు. తిప్పినప్పుడు కొద్దిగా ఆట ఉండటం మామూలే, అది వెనక యాక్సిల్ హౌసింగ్ (మధ్యలో ఉబ్బుగా కనబడే పెట్టె) లోని పళ్ల చక్రాల మధ్య ఖాళీ. నడిపేటప్పుడు మొదటి గేరు నుంచి రివర్సుకు మారిస్తే ఠక్కుమని గట్టిగా కొడితే క్రాస్ పోయిందని అర్థం. క్రాస్ మార్చడం చిన్న పని. హౌసింగ్‌లోని పళ్ల చక్రాల జత, క్రౌన్ పినియన్, మాత్రం చిన్న పని కాదు. యాభై, డెబ్బై మధ్య వేగంలో రేడియో ఆపి వినండి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు సన్నని ఊళ వచ్చి, వదిలితే తగ్గినా స్వరం మారినా అది క్రౌన్ పినియన్. యాక్సిలరేటర్‌తో సంబంధం లేకుండా హోరు ఉండి, మలుపులో పెరిగి తగ్గుతుంటే అది చక్రం బేరింగ్. రెండోదానికి భయపడకండి, మొదటిదానికి ధర గట్టిగా తగ్గించమనండి, లేదా వేరే బండి చూసుకోండి.

వెనక యాక్సిల్ హౌసింగ్ దగ్గర కొంచెం ఎక్కువ సేపు కూర్చోండి. చలికాలం రోడ్డు మీద తోక జారడానికి అసలు కారణం చాలాసార్లు ఇక్కడే పుడుతుంది, ఎవరూ చూడరు. హౌసింగ్ మీద చిన్న గాలి మూత ఉంటుంది, దాన్ని బ్రీదర్ అంటారు. బండి నడిస్తే లోపలి ఆయిల్ వేడెక్కుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, ఆ మూత గుండా బయటికి పోతుంది. రేగడి దానిలో ఎండి మూసుకుపోతే గాలికి దారి ఉండదు. అప్పుడు ఆ ఒత్తిడి చక్రాల దగ్గరి ఆయిల్ సీళ్ల మీద పడి, ఆయిల్ మెల్లగా బ్రేకు డ్రమ్ములోకి దిగుతుంది. ఒక వైపు లైనింగ్ ఆయిల్‌తో నానితే ఆ వైపు బ్రేకు సరిగ్గా పట్టదు, ఒక్కోసారి ఉన్నట్టుండి అంటుకుపోతుంది. పొడి రోడ్డు మీద ఇది తెలియదు. తడి రోడ్డు మీద బ్రేకు తొక్కిన రోజు బండి అడ్డం తిరుగుతుంది. వేడిగా ఉన్న హౌసింగ్‌తో వాగులో దిగితే దీనికి ఉల్టా జరుగుతుంది: లోపల గాలి చల్లబడి కుంచించుకుపోయి, సీలు సందుల్లోంచి నీళ్లను లోపలికి గుంజుకుంటుంది. అందుకే రెండు వెనక చక్రాల లోపలి వైపు టార్చి వేసి చూడండి. డ్రమ్ము వెనక రేకు మీద, టైరు లోపలి గోడ మీద నల్లగా తడి ఉంటే సీలు పోయినట్టే.

అమ్మేవాళ్లు ఒప్పుకుంటే హౌసింగ్ ఫిల్లర్ బోల్టు విప్పి చిటికెన వేలు పెట్టి చూడండి. ఆయిల్ రంధ్రం అంచుదాకా ఉండాలి. పాల చాయ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. వేలికి బూడిద రంగు పేస్టు అంటితే పర్వాలేదు, రజను లాగా మెరిసే ముక్కలు అంటితే పళ్లు అరుగుతున్నాయి. మీరు కొన్నాక సీళ్లు, బ్రీదర్, కొత్త ఆయిల్ ఒకేసారి వేయించండి. జీఎల్-5 తరగతి 80డబ్ల్యూ-90 గేరాయిల్ చాలా బండ్లకు సరిపోతుంది, రెండు లీటర్ల చుట్టూ పడుతుంది, మాన్యువల్‌లో ఉన్నదే పోయించండి. ముందు ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూశాకే కింది డ్రెయిన్ బోల్టు విప్పమని చెప్పండి. పైది తుప్పు పట్టి రాకపోతే ఆయిల్ లేని హౌసింగ్‌తో బండి షెడ్డులోనే ఇరుక్కుంటుంది.

కమాను పట్టాలు లెక్కపెట్టండి. మోత బండ్లకు అదనంగా ఒక పట్టా వేయించడం మన దగ్గర అలవాటు. దాంతో తోక లేచి నిలబడుతుంది, ఖాళీగా పోయేటప్పుడు గుంతల మీద వెనక చక్రాలు ఎగురుతాయి, ఎగిరిన చక్రానికి తడి రోడ్డు మీద పట్టుండదు. ఇంకో ప్రమాదం ఉంది. కొన్ని బండ్లలో బరువును బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని సర్దే వాల్వు ఉంటుంది, యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య చిన్న కడ్డీతో. తోక లేచి ఉంటే బండి ఖాళీగా ఉందని అది మోసపోతుంది, నిండుగా ఉన్నప్పుడు కూడా వెనక బ్రేకు తక్కువ పడుతుంది. మీరు బస్తాలు మోయకపోతే ఆ అదనపు పట్టా తీయించేయండి, ఆ కడ్డీ ఊడి వేలాడుతోందేమో కూడా చూడండి. ఇన్నోవాకు వెనక పట్టాలు ఉండవు, కాయిల్ స్ప్రింగులు, వాటిని పట్టే లింకు కడ్డీలు ఉంటాయి. అందులో అడ్డంగా ఉండే లాటరల్ రాడ్ బుష్‌లు అరిగితే హైవే మీద లేన్ మారినప్పుడు తోక ఒక క్షణం ఆలస్యంగా వస్తున్నట్టు తెలుస్తుంది. బుష్‌లు మారిస్తే పోతుంది.

టైర్లకు డబ్బు దగ్గర వెనకాడకండి. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచే అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయింది, అంతకు ముందరి బొలెరోలు, కింది వేరియంట్ ఇన్నోవాలు చాలావాటికి అది లేదు. అంటే తడి రోడ్డు మీద మిమ్మల్ని ఆపేది టైరు రబ్బరు, మీ కాలు, ఇంకేం లేదు. చట్టం ప్రకారం టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, కానీ తడిలో 3 కంటే తగ్గితే పట్టు బాగా పడిపోతుంది. టైరు గోడ మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత నిండుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరు ఎండకు గట్టిపడి తడి రోడ్డును పట్టదు. ఎండలు మండే మన జిల్లాల్లో ఇది ఇంకా తొందరగా వస్తుంది. బొలెరోకు 215/75 ఆర్15, ఇన్నోవాకు 205/65 ఆర్15 ఎక్కువగా కనబడే సైజులు. అయినా డోరు పక్కన అతికించిన చీటీలో ఉన్న సైజు, గాలి లెక్కే పాటించండి. వెనక రెండు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే అరుగుదల ఉన్నవి కావాలి. ఒకటి కొత్తది ఒకటి పాతది వేస్తే చుట్టుకొలతలో తేడా వచ్చి హౌసింగ్‌లోని పళ్లు నేరుగా పోయేటప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటాయి. రెండే కొత్తవి కొనగలిగితే అవి వెనకకే వేయండి. పెద్ద గాడుల బురద టైర్ల మీద ఆశ పెట్టుకోకండి, రేగడి వాటినీ నాలుగు చుట్లలో నింపి నున్నగా చేసేస్తుంది. తారు రోడ్డు మీద తడిలో అవి మామూలు టైర్ల కంటే తక్కువ పట్టుతో ఉంటాయి.

చలి ఉదయం స్టార్టింగు పరీక్ష తప్పకుండా చేయండి. ముందు రోజే చెప్పండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. పొద్దున ఆరింటికి పోయి బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. హీటర్ ప్లగ్ దీపం ఆరాక తాళం తిప్పితే రెండు మూడు సెకన్లలో అందుకోవాలి. మొదట తెల్ల పొగ వచ్చి అర నిమిషంలో పోతే సరే. పోకుండా ఉంటే హీటర్ ప్లగ్‌లు, లేదా కంప్రెషన్ పడిపోయింది. నీలం పొగ ఇంజన్ ఆయిల్ మండటం. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి అంచు మీద వదులుగా పెట్టండి, ఎగిరి పడిపోతే పిస్టన్ రింగులు అరిగాయి. బ్యాటరీ రాత్రంతా ఉన్నాక 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 చూపాలి.

హీటర్ గురించి ఎవరూ అడగరు, మీరు అడగండి. హీటర్ కోర్ కారితే కొత్తది వేయకుండా రెండు పైపులనూ కలిపేసి బైపాస్ చేయడం మన షెడ్డుల్లో మామూలు. వేసవిలో తేడా తెలియదు. జనవరిలో ఆరుగురు ఎక్కి అద్దాలు ఎత్తితే ఐదు నిమిషాల్లో ముందు అద్దం లోపలి నుంచి కప్పేస్తుంది. ఏసీ వేసి, నాబ్ వేడి వైపు తిప్పి, గాలి అద్దం మీదికి పంపితేనే అది తొందరగా పోతుంది: ఏసీ తేమ తీస్తుంది, వేడి అద్దాన్ని ఎండబెడుతుంది. ఇంజన్ వేడెక్కాక నాబ్ తిప్పి చూడండి, వేడి గాలి రాకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించండి. పొగమంచులో డిమ్ లైటే, హైబీమ్ వేస్తే తెల్ల గోడే కనబడుతుంది. కదులుతున్నప్పుడు నాలుగు ఇండికేటర్లు వేయకండి, మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు.

నడపడం గురించి రెండు మాటలు. తడిలో పెద్ద గేరు నుంచి చిన్న గేరుకు మార్చి క్లచ్ ఒక్కసారిగా వదలకండి. ఇంజన్ వెనక చక్రాలను మాత్రమే పట్టేస్తుంది, తోక అక్కడే జారుతుంది. తోక కుడికి పోతే స్టీరింగ్ కుడికే, యాక్సిలరేటర్ వదిలేసి, బ్రేకు జోలికి పోకుండా. ఖాళీగా బురదలో పోవాల్సి వస్తే యాభై కిలోల ఇసుక బస్తాలు రెండు సరిగ్గా వెనక యాక్సిల్ మీదికి వచ్చేలా పెట్టి తాడుతో కట్టండి. వెనక డోరు దగ్గర పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు పోతుంది. ఇరుక్కుంటే యాక్సిలరేటర్ తొక్కి గొయ్యి తవ్వకండి. ఒక చక్రం తిరుగుతూ రెండోది ఆగి ఉంటే హ్యాండ్ బ్రేకును మూడు నాలుగు పళ్లు లాగి, రెండో గేరులో మెల్లగా క్లచ్ వదలండి. తిరిగే చక్రానికి అడ్డు పడి, ఆగిన చక్రానికి కొంత బలం అందుతుంది. కొన్ని సెకన్లు మాత్రమే, లేకపోతే డ్రమ్ములు కాలుతాయి. అదీ పనిచేయకపోతే చక్రాల కింద పత్తి కట్టె కానీ కంకర కానీ వేయండి, వరిగడ్డి మాత్రం వద్దు, తడిస్తే అదే జారుతుంది. గాలిని ఇరవై రెండు పీఎస్ఐ దాకా తగ్గించవచ్చు, తారు రోడ్డెక్కగానే మళ్లీ కొట్టించుకోవాలి. అందుకే కాలి పంపు బండిలో ఉండాలి.

కాగితాలు. ఆర్‌సీ పదిహేనేళ్లకు ఎంత దగ్గరుందో చూడండి. దాటితే ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్‌తో ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఇన్నోవాలు, తవేరాలు చాలా ట్యాక్సీలుగా తిరిగి తర్వాత తెల్ల ప్లేటుకు మారినవి, ఆర్‌సీ వివరాల్లో అది తెలుస్తుంది, మీటరు రీడింగును అప్పుడు నమ్మకండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకు ఢిల్లీలో ఆంక్షలు పెట్టినప్పటి నుంచి అక్కడివి ఇక్కడికి చవకగా వస్తుంటాయి. ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు కలుపుకుంటే ఆ చవక ఏమీ మిగలదు. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉన్న బండైతే బ్యాంకు ఎన్‌వోసీతో అప్పు తీరినట్టు చూపే ఫారం 35 చేతికొచ్చాకే మొత్తం డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చుకోవాలి. బండి ధర మాట్లాడేటప్పుడే మీ దగ్గరున్న మొత్తంలో ఐదో వంతు పక్కన పెట్టుకుని మిగతాదానికే బేరం చేయండి. టైర్లు, వెనక సీళ్లు, బ్రేకు లైనింగులు, బెల్ట్ ఆ డబ్బుతో మొదటి నెలలోనే అయిపోవాలి. మొత్తం పెట్టి కొంచెం కొత్త మోడల్ కొని, అరిగిన టైర్లతో చలికాలంలో రోడ్డెక్కడం కంటే రెండేళ్లు పాతదైనా ఇవన్నీ చేయించిన బొలెరోనే మీ ఇంటికి మంచిది.